త్రోవతప్పిన విండోలు

గత విద్యాసంవత్సరమున అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన వారములో నొకనాడు తొమ్మిదవ తరగతికి భూగోళ పాఠము చెప్పుచుంటిని. తరగతి గదిలోని కంప్యూటరునకు ప్రొజెక్టరు తగిలించి గోడమీద బొమ్మ పడునట్లు చేసితిమి. ఆ కంప్యూటరునందు రెండు డెస్క్‌టాపులు ఏర్పఱచుకొని, మొదటిదానియందు విద్యార్థుల మార్కుల పట్టికను, రెండవదానియందు మన నదుల పటములను ఉంచుకొంటిని. రెండవది కనబడుచున్నంతసేపు మొదటిది ఎవరి కంటను పడదు గదా యని నా ధైర్యము. గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు, కృష్ణ పొడవు 1400 కిలోమీటర్లు అని వరుసగా వ్రాసి చూపుటకు క్రొత్త పట్టిక కావలసి, తెర యంచున నున్న పట్టికల ప్రోగ్రాము గుర్తును నొక్కితిని. క్రొత్త పట్టిక రాలేదు. తెర యంతయు ఒక్కసారిగా ప్రక్కకు జరిగి, మొదటి డెస్క్‌టాపు ముందుకు వచ్చి, నలుబదియిద్దరు పిల్లల పేర్లును మార్కులును గోడమీద నిలువెత్తున నిలిచినవి. నేను ప్రొజెక్టరు తీగ పీకులోపల అడుగు వరుసలోని పేరును, దాని ప్రక్కనున్న గణితపు మార్కును వెనుక బల్లనుండి ఎవరో పైకి చదివిరి. ఆ బాలిక తల వంచుకొన్నది. గంట కొట్టువఱకు ఎత్తలేదు.

ఆ సాయంకాలము ఆమెను, ఆమె తల్లిని కలిసికొని క్షమాపణ చెప్పుకొంటిని. "యంత్రం చేసినదానికి మీరేం చేస్తారు లెండి, మాస్టారూ" అని ఆ తల్లి నన్ను ఓదార్చినది. ఆ మాట ఊరట కలిగించుటకు మాఱు నా మనస్సున ముల్లువలె నాటుకొనెను. ఏలయన, యంత్రము తనంత తాను ఏమియు చేయదు. ఎవరో యొకరు చెప్పినట్లు చేయును. నేను చెప్పినది ఒకటి, అది విన్నది మఱియొకటి. ఈ తేడా ఎచ్చట పుట్టినదో తెలిసికొనవలెనని కొన్ని వారములు ఆదివారములు తప్ప తక్కిన సాయంకాలములు ప్రయోగశాలలో గడపితిని. తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా డెస్క్‌టాపు అననేమో చెప్పుకొందము. కంప్యూటరు తెరమీద ప్రతి ప్రోగ్రామును ఒక చట్రములో కనబడును. దానిని విండో అందురు. తెర చిన్నది, పనులు పెక్కు. ఉత్తరములు, లెక్కలు, ప్రశ్నపత్రములు, పటములు ఒకదానిమీద నొకటి పడి, కావలసినది అడుగున చిక్కుకొనును. ఈ యిక్కట్టును శ్రద్ధగా విచారించిన తొలితరమువారిలో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ అను నిరువురు ముఖ్యులు. వారు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందలి జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున పనిచేయుచు, 1986లో "రూమ్స్", అనగా గదులు, అను పద్ధతిని ప్రకటించిరి. మనుష్యుడు ఒక పని చేయుచున్నంతసేపు కొలది విండోలనే మరల మరల వాడుననియు, పని మాఱగానే ఆ గుంపు అంతయు మాఱుననియు వారు కనిపెట్టిరి. కావున ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది. ఆ పనికి కావలసిన విండోలు ఆ గదిలో. గదినుండి గదికి పోవుటకు తెరమీద తలుపుల గుర్తులు. ఏ గదికి పోయినను వెంట రావలసిన విండోలను వేసికొనుటకు ఒక "జేబు" కూడ వారు కల్పించిరి. ఈ జేబు అను పేరు నాకు మిక్కిలి నచ్చినది.

నేడు వర్చువల్ డెస్క్‌టాపు అనునది ఆ గదియే. మ్యాక్ కంప్యూటర్లలో 2007 నుండియు, విండోస్‌లో 2015లో వచ్చిన విండోస్ 10 మొదలుకొనియు ఇది యంత్రముతో పాటే వచ్చుచున్నది. లినక్స్‌లో అంతకు ముందునుండియే కలదు. మీ యింట విండోస్ ఉన్నయెడల, విండోస్ గుర్తుగల మీటను, కంట్రోల్ మీటను పట్టి డీ అక్షరమును నొక్కుడు. క్రొత్త గది తెఱచుకొనును. ఆ రెండు మీటలతోనే కుడి యెడమ బాణములను నొక్కినచో గదులు మాఱును. (తండ్రి అడుగుల చప్పుడు వినబడగానే ఆట పోయి పాఠము వచ్చుట ఈ మీటల మహిమయే యని తలిదండ్రులలో కొందఱు ఇదివఱకే గ్రహించియుందురు.)

ఇక అసలు విషయము. "విండో తప్పుచోట తెఱచుకొన్నది" అను ఫిర్యాదులో నిజమునకు రెండు వేఱువేఱు సంగతులు కలిసియున్నవి. మనము ఈ గదిలో నుండగా క్రొత్త విండో మఱియొక గదికి పోయి కూర్చుండుట ఒకటి. పాత విండో తానున్న చోటనే యుండి మనలను అచ్చటికి లాగికొనిపోవుట రెండవది. ఈ రెంటిని వేఱుచేయక మందు వేయబోయినవాడు కడుపునొప్పికి కాలికి కట్టుకట్టినవాడగును. నేనును మొదటి వారము అట్లే చేసితిని. కనిపెట్టుట కష్టము కాదు. తప్పు జరిగిన వెంటనే కంగారుపడి ఏదియు మూయక, తెరమీదనున్నది క్రొత్త విండోయా, ఇంతకుముందు మనమే తెఱచియుంచినదా యని చూడవలెను. పాతదైనచో విండో త్రోవతప్పలేదు; మనమే తరలింపబడితిమి.

నా తరగతిలో జరిగినది ఈ రెండవదే. ఆ కంప్యూటరునందున్నది గ్నోమ్ అను లినక్స్ పరిసరము. అందులో, అప్పటికే నడచుచున్న ప్రోగ్రాము గుర్తును నొక్కుట యనగా "క్రొత్తది తెఱువుము" అని కాదు, "ఉన్నదానిని చూపుము" అని అర్థము. మార్కుల పట్టిక ఆ ప్రోగ్రాములోనే తెఱచియుండెను గనుక యంత్రము విధేయతతో దానిని చూపినది. కంట్రోల్ మీటను పట్టి అదే గుర్తును నొక్కియున్నచో క్రొత్త విండో నేనున్న గదిలోనే వచ్చియుండెడిది. మ్యాక్‌లోను అడుగుపట్టీ గుర్తులు ఇట్లే ప్రవర్తించును. అయితే ప్రోగ్రామునకు మాఱినప్పుడు దాని విండోలున్న స్థలమునకు మాఱవలెనా వద్దా యని అమరికలలో ఒక గడి కలదు, దానిని తీసివేయవచ్చును. మా ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లలో నున్నది ఎక్స్‌ఎఫ్‌సీఈ. అది ఇంకను మర్యాదగా అడుగును: విండో తనంత తాను పైకి వచ్చినప్పుడు దానిని నీ యొద్దకు తేవలెనా, నిన్ను దానియొద్దకు తీసికొనిపోవలెనా, లేక ఏమియు చేయకుండవలెనా? ఈ మూడింటిలో తరగతిలో పనిచేయువారికి మూడవదే క్షేమమని నా అభిప్రాయము. మొదటిది మఱింత ప్రమాదకరము. అది మార్కుల పట్టికను తెచ్చి పాఠము నడుమ పెట్టును.

మొదటి రకపు తప్పును, అనగా క్రొత్త విండోయే వేఱుగదికి పోవుటను, తెలిసికొనుటకు మన పాఠశాల బంట్రోతును తలచుకొందము. నేను తొమ్మిదవ తరగతిలోనుండి భారతదేశపటము తెమ్మని అతనిని పంపితిననుకొనుడు. పటముల గది దూరము, తాళపుచెవి వెదకవలెను, దుమ్ము దులుపవలెను. ఇంతలో గంట కొట్టినది, నేను పదవ తరగతికి పోతిని. అతడు పటము తెచ్చి ఎచ్చట వ్రేలాడదీయును? "మాస్టారికి" అని మాత్రమే అతనికి తెలిసియున్నచో నేనున్న పదవ తరగతికి తెచ్చును. నేను చీటీమీద "తొమ్మిదవ తరగతికి" అని వ్రాసియిచ్చియున్నచో, నేనెక్కడ నున్నను పటము తొమ్మిదవ తరగతికే చేరును.

కంప్యూటరులో జరుగునదియు నింతే. బరువైన ప్రోగ్రాము తెఱచుకొనుటకు పది ఇరువది క్షణములు పట్టును. అంతవఱకు ఊరకుండలేక మనము వేఱు డెస్క్‌టాపునకు పోయెదము. చీటీ లేనియెడల విండో మనము అప్పటికి ఉన్నచోట దిగబడును. లినక్స్ యంత్రములలో ఈ చీటీకి ఒక పద్ధతి యేర్పడియున్నది. గుర్తును నొక్కగానే, ప్రోగ్రామును మొదలుపెట్టునది ఒక సంకేతమును పుట్టించి, అది ఏ డెస్క్‌టాపుమీద పిలువబడినదో విండో మేనేజరునకు తెలిపి, ఆ సంకేతమునే ప్రోగ్రాము చేతికిచ్చును. దానికి డెస్క్‌టాప్ స్టార్టప్ ఐడీ అని పేరు. ప్రోగ్రాము తన విండోను తెఱచునప్పుడు దానికి ఆ సంకేతమును తగిలించవలెను. విండో మేనేజరు, అనగా విండోలను ఎచ్చట కూర్చుండబెట్టవలెనో నిర్ణయించు ప్రోగ్రాము, దానిని చదివి తగిన గదికి చేర్చును. వేలాండ్ అను క్రొత్త ఏర్పాటులో దీనికి బదులు యాక్టివేషన్ టోకెన్ వచ్చినది. పేరు మాఱినను అదియు చీటీయే.

ముగ్గురు చేతులు మాఱు చీటీ ఎచ్చటనైనను పోవచ్చును. పిలిచినది వ్రాయకపోవచ్చును, ప్రోగ్రాము తగిలించకపోవచ్చును, మేనేజరు చదువకపోవచ్చును. అనుభవములో చూడగా నడుమవాడైన ప్రోగ్రామే ఎక్కువ పర్యాయములు పోగొట్టుచున్నాడు. పాతకాలపు ప్రోగ్రాములలో పెక్కింటికి ఈ పద్ధతియే తెలియదు.

దీనిని మీరు స్వయముగా చూడవచ్చును. లినక్స్ కంప్యూటరులో టెర్మినల్ తెఱచి, స్లీప్ అను మాటను, ప్రక్కన 10 అను అంకెను, సెమికోలనును, పిమ్మట ఎక్స్‌టెర్మ్ అను మాటను ఇంగ్లీషు చిన్నక్షరములతో వ్రాసి ఎంటర్ నొక్కుడు. పది సెకండ్లు ఊరకుండి పిమ్మట ఎక్స్‌టెర్మ్ అను చిన్న ప్రోగ్రామును తెఱువుమని దీని యర్థము. ఆ పది సెకండ్లలోపల వేఱు డెస్క్‌టాపునకు పొండు. విండో మీ వెంట వచ్చి అచ్చట తెఱచుకొనును, ఏలయన ఇచ్చట చీటీ వ్రాసినవారు లేరు. ఇప్పుడు పట్టికీలోని బరువైన ప్రోగ్రామును ఒకదానిని గుర్తునొక్కి పిలిచి, అట్లే వెంటనే గది మాఱుడు. కొన్ని మొదటి గదిలోనే తెఱచుకొనును, కొన్ని మీ వెంటబడును. ఏవి చీటీని గౌరవించునో ఏవి పాఱవేయునో ఒక కాగితముమీద వ్రాసికొనుడు. ఒక మాఱు చేసి తీర్పు చెప్పవలదు. మూడు మాఱులైనను చేయుడు. ప్రతిమాఱును ఒక్క సంగతిని మాత్రమే మార్చుడు. ప్రోగ్రామును, గదిని, పిలిచిన విధమును ఒకేసారి మార్చినవానికి ఫలితము వచ్చును గాని కారణము తెలియదు.

చీటీ యుండియు తప్పిపోవు సందర్భ మొకటి కలదు. ఇంటర్నెట్టు చూపు బ్రౌజరు మొదలగు ప్రోగ్రాములు రెండవసారి పిలిచినప్పుడు రెండవ ప్రతిగా పుట్టవు. క్రొత్తగా వచ్చినది, "నాకంటె ముందు ఇచ్చట ఎవరైన ఉన్నారా?" యని విచారించి, ఉన్నచో తన పనిని ఆ పాతదానికి అప్పగించి తాను వెడలిపోవును. అప్పగించునప్పుడు చీటీని కూడ అందించినచో మంచిదే. అందించకపోయినచో, మొదటి గదిలో కూర్చున్న ఆ పాత బ్రౌజరు మనమడిగిన పుటను తన విండోలోనే క్రొత్త పుటగా చేర్చుకొని కూర్చుండును. పాఠపు పుటలోని లంకెను నొక్కినప్పుడు ఏమియు జరుగనట్లు కనబడి, మూడుమాఱులు నొక్కిన పిమ్మట వేఱుగదిలో మూడు పుటలు తెఱచియుండుటకు కారణ మిదియే. దీనికి సులభోపాయము ఏమనగా, పాఠము మొదలుపెట్టకముందే పాఠపు గదిలో ఒక బ్రౌజరు విండోను తెఱచి, దానిని ఒకమాఱు నొక్కి, అటు పిమ్మట లంకెలను వాడుట. పెక్కు బ్రౌజర్లు కడపట వాడిన విండోకే క్రొత్త పుటను పంపును. విండోస్ 10తో పాటు మైక్రోసాఫ్టువారు ప్రోగ్రాములు వ్రాయువారికి దీనికొఱకే యొక సాధనమునిచ్చిరి. దానితో ప్రోగ్రాము మూడు పనులు చేయగలదు: తన విండో ఇప్పుడు కనబడుచున్న డెస్క్‌టాపుమీద నున్నదా యని అడుగుట, ఏ డెస్క్‌టాపుమీద నున్నదని అడుగుట, తన విండోను మఱియొకదానికి మార్చుట. అడుగు సౌకర్యము కలదు. అడుగునది అడుగకపోవునది ప్రోగ్రాము వ్రాసినవాని శ్రద్ధనుబట్టి యుండును.

చిన్న ప్రశ్నల విండోలు, అనగా "మార్పులను భద్రపఱుపవలెనా?" యని అడుగునవి, వేఱొక చిక్కు. అవి తమ తల్లి విండో ఏ గదిలో నున్నదో ఆ గదిలోనే నిలుచును. తల్లి ఇది యని ప్రోగ్రాము చెప్పనిచో అనాథలై మనమున్నచోట ప్రత్యక్షమగును. ప్రోగ్రాము కొయ్యబాఱినట్లుండి ఏ మీటకును పలుకకున్నచో దానిని బలవంతముగా మూయకముందు తక్కిన గదులను ఒకసారి చూచి రండు. ఎచ్చటనో యొక ప్రశ్న మీ జవాబు కొఱకు కాచుకొనియుండవచ్చును. ఒక ఉపాధ్యాయమిత్రుడు ఇట్లు చూడక మూసివేసి, రెండుగంటలు శ్రమపడి వ్రాసిన ప్రశ్నపత్రమును పోగొట్టుకొనెను.

కొన్ని ప్రోగ్రాములు ఎల్లప్పుడును ఒకే గదిలో తెఱచుకొనవలెనని కోరువారు నియమములు పెట్టుకొనవచ్చును. ఈ విషయమున కేడీఈ అను పరిసరము అన్నిటికంటె సమగ్రము. విండో పైపట్టీమీద ఎలుక కుడిమీటను నొక్కి ప్రత్యేకపు అమరికలలోనికి పోయినచో, ఆ విండో ఏ డెస్క్‌టాపునకు చెందవలెనో వ్రాయవచ్చును. మొదట తెఱచునప్పుడు మాత్రమే యని గాని, ఎల్లప్పుడు బలవంతముగా నని గాని, కడపటి స్థలమును జ్ఞాపకముంచుకొమ్మని గాని చెప్పవచ్చును. బలవంతము నేను సలహా ఇయ్యను. అట్లు చేసినచో మనమే కావలెనని వేఱుగదికి తీసికొనిపోబోయినను ఆ విండో రాదు. మ్యాక్‌లో అడుగుపట్టీ గుర్తుమీద నొక్కి, ఈ డెస్క్‌టాపునకు లేదా అన్ని డెస్క్‌టాపులకు అని ప్రోగ్రామును కేటాయించవచ్చును. విండోస్‌లో టాస్క్ వ్యూ తెఱచి, విండోను చేతితో వేఱుగదికి మార్చుటయు, అన్ని గదులలోను కనబడునట్లు చేయుటయు సాధ్యము. హెండర్సన్, కార్డ్ వారి జేబు ఇదియే. నియమము పెట్టి మఱచిపోయినవారే తరువాత "ఇది తప్పుచోట తెఱచుకొనుచున్నది" యని ఎక్కువ వాపోవుదురు గనుక, మొట్టమొదట పాత నియమములను వెదకుట మంచిది.

నియమము సరిగా వ్రాసియు ఫలింపనిచో అంకెలను అనుమానింపవలెను. గ్నోమ్‌లో మామూలుగా ఖాళీ గదులు తమంత తాము మాయమగును. నడుమనున్న రెండవ గదిలోని విండోలన్నియు మూసినచో నిన్నటి మూడవ గది నేడు రెండవది. అమరికలలో గదుల సంఖ్యను స్థిరపఱచినగాని ఈ జరుగుడు ఆగదు. మ్యాక్‌లోను కడపట వాడిన వరుసనుబట్టి గదులను తిరిగి అమర్చు గడి యొకటి కలదు; దానిని తీసివేయవలెను.

అంకెలవిషయమున నాకు కలిగిన అవమానమును కూడ చెప్పవలెను. ప్రయోగశాల కంప్యూటర్లలో పటముల ప్రోగ్రాము రెండవ డెస్క్‌టాపునకు పోవునట్లు, విండోలను ఆజ్ఞలతో జరుపు చిన్న సాధనమొకదానితో ఆజ్ఞ వ్రాసి 2 అని అంకె వేసితిని. విండో మూడవదానికి పోయెను. దినమంతయు వెదకితిని. మరునాడు సాయంకాలము, మార్కులు గోడమీద పడిన ఆ బాలికయే ప్రయోగశాలలో నా వెనుక నిలిచి చూచుచు, "మాస్టారూ, లెక్క సున్న నుంచి మొదలవుతుందేమోనండి" అన్నది. నిజమే. ఆ యంత్రములలో విండోకు తగిలించు డెస్క్‌టాపు సంఖ్య 0తో మొదలగును. మనకు రెండవది దానికి 1. ఎక్స్‌ప్రాప్ అను ఆజ్ఞ వేసి విండోమీద నొక్కినచో ఆ సంఖ్య కనబడును. ఆమె అన్ని విండోలమీదను నొక్కుచు పోయి, అడుగుపట్టీకి 4294967295 అని రాగా నావైపు చూచినది. ఆ సంఖ్య "అన్ని డెస్క్‌టాపులు" అనుటకు గుర్తు. రెండును ముప్పదిరెండుమాఱులు హెచ్చవేసి ఒకటి తీసివేసినచో వచ్చును. ఆమె దానిని కాగితముమీద హెచ్చవేసి సరిచూచుకొని గాని ఇంటికి పోలేదు. వేలాండ్ ఏర్పాటుగల క్రొత్త కంప్యూటర్లలో ఎక్స్‌ప్రాప్ అన్ని విండోలను చూడజాలదని ఇచ్చట చెప్పియుంచుట మంచిది. పాత యంత్రములలోనే ఇది బాగుగా పనిచేయును.

తరగతి గదిలోని కంప్యూటరును ఇప్పుడు వేఱువిధముగా అమర్చితిని. మునుపు నా బల్లమీది తెరయు గోడమీది తెరయు ఒకదానికొకటి ప్రతిబింబములు. ఇచ్చట కనబడినదెల్ల అచ్చట కనబడుచుండెను. ఇప్పుడు గోడమీది తెర వేఱొక తెరగా చేర్చబడినది. గ్నోమ్‌లో డెస్క్‌టాపులు ప్రధానమైన తెరకు మాత్రమే వర్తించునట్లు మామూలుగానే యుండును గనుక, నా బల్లమీద ఏ గది మాఱినను గోడమీది పటము కదలదు. గోడమీదికి ఏదైన పోవలెనన్నచో నేను చేతితో లాగి అచ్చట పెట్టవలెను. తీగ తగిలించిన ప్రతిమాఱును, ప్రొజెక్టరు మూత తీయకముందు, ప్రతిబింబము పెట్టియున్నదా, వేఱుతెర పెట్టియున్నదా యని అమరికలలో చూచుకొనుచున్నాను. ఇక మార్కుల పట్టికను పాఠపు గంటలలో ఏ డెస్క్‌టాపుమీదను తెఱచుట లేదు.